మన తెలుగు సంఘం, పర్లాకిమిడి (ఒడిశా): 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది నుంచి ఉగాది దాకా సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా జరిగేవి ఈ ఏడూ ఏ లోటూ లేకుండా జరిగాయి కనుక వాటిని నాలుగు మాటల్లో ముగిస్తాను. గ్రంథాలయంలో జరిగిన ఒక ప్రసంగం మాత్రం మనల్ని అనుకోని పనుల్లోకి లాక్కెళ్ళింది. ఎక్కువ జాగా దానికే ఇస్తున్నాను. కార్యవర్గంలో ఒకరిద్దరు దీనికి ఒప్పుకోలేదు. "కార్యదర్శిగారూ, ఇది నివేదికా, వ్యాసమా?" అని అడిగారు. చదివాక మీరే తేల్చండి.

ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం జరిగాయి. చదివే కవులు ముందే వచ్చి కూర్చున్నారు, వినేవాళ్ళు ఎప్పట్లాగే భోజనాల వేళకి వచ్చారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి ఈసారి దూరం నుంచి వక్తల్ని పిలవలేదు. ఆయన ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చారు. అందుకని కొండ మీది ఊరి నుంచి ఒక సవర కుర్రాడిని పిలిచి, అతని భాషలోనే మాట్లాడించాం. సగం మందికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరూ లేచి వెళ్ళలేదు. నా మటుకు నాకు ఏడాది మొత్తంలో అదే మంచి సభ. కార్తీకంలో మహేంద్రతనయ ఒడ్డున వనభోజనాలు, సంక్రాంతికి ముగ్గుల పోటీ జరిగాయి. తెలుగు బడుల్లో టీచర్ ఖాళీల గురించి సంబంధిత కార్యాలయానికి ఈ ఏడూ అర్జీ పెట్టాం. ఈ ఏడూ రసీదు ఒక్కటే చేతికొచ్చింది.

పాలరాతి ఊరి కబుర్లు

నెలవారీ ప్రసంగాల్లో అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళది ఒకటి తప్పనిసరి. నయాగరా ముందు నిలబడ్డ ఫొటో, మంచులో కోటు వేసుకున్న ఫొటో, మనవడి పుట్టినరోజు కేకు. మన ఉపాధ్యక్షురాలు టీచరమ్మగారు కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చారని తెలిసి అలాంటిదే అనుకుని వెళ్ళాం. ఆవిడ మొదటి ఫొటోలోనే ఒక వంతెన చూపించారు. ఆ పాలరాతి వంతెనని 1915లో కట్టారట. దాని పక్కన జలపాతం, దాని వెనక పొడుగాటి పాత మిల్లు. ఊరి పేరు ప్రాక్టర్. వెర్మాంట్ రాష్ట్రంలో రెండు వేల మంది కూడా లేని పల్లెలాంటి పట్నం. ఆ ఊళ్ళో కాలిబాటలకు కూడా పాలరాయి పరిచారు. ఆ మిల్లులోనే పాలరాతి మ్యూజియం ఉంది.

ఆ ఊరి చరిత్ర ఒక కుటుంబం చుట్టూ తిరుగుతుంది. రెడ్‌ఫీల్డ్ ప్రాక్టర్ అనే ఆయన 1880లో అక్కడి రెండు క్వారీ కంపెనీలను కలిపి వెర్మాంట్ మార్బుల్ కంపెనీ పెట్టాడు. ఆయనే ఆ రాష్ట్ర గవర్నరు, తర్వాత దేశానికి యుద్ధ మంత్రి, ఆ తర్వాత సెనేటరు. 1886లో ఊరిని విడిగా ఏర్పాటు చేసి ఆయన ఇంటిపేరే పెట్టారు. ఊరూ ఆయనదే, ఉద్యోగమూ ఆయనదే, ప్రభుత్వమూ ఆయనదే. జమీందారీ చూసిన ఊరివాళ్ళం, మనకి దీని గురించి విడమర్చి చెప్పనక్కర్లేదు. రాళ్ళు చెక్కడానికి ఇటలీలోని కరారా నుంచి పనివాళ్ళు వచ్చారు. స్వీడన్, పోలండ్, హంగరీల నుంచీ వచ్చారు. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు భవనానికీ జెఫర్సన్ స్మారకానికీ పైన కనబడే తెల్లరాయి వెర్మాంట్ కొండల్లోదే. ఆర్లింగ్టన్‌లోని అజ్ఞాత సైనికుడి సమాధికి రాయి కొలరాడో నుంచి వచ్చినా, దాన్ని కోసి తీర్చింది వెర్మాంట్‌లోనే.

మ్యూజియాన్ని 1933లో కంపెనీయే తెరిచింది. నిజానికి కొనేవాళ్ళకి సరుకు చూపించే షోరూమ్ అది. రకరకాల పాలరాతి పలకలు గోడల నిండా వరసగా నిలబెట్టి ఉంటాయి. తెలుపొక్కటే కాదు, ఆకుపచ్చ చారలవీ బూడిద రంగువీ నల్లవీ కూడా. అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన పాలరాతి ఫలకాలకి ఒక గది కేటాయించారు. ఏసుక్రీస్తు చివరి విందు దృశ్యం పాలరాతిలో చెక్కి ఉంది. మన ముఖలింగం, మహేంద్రగిరి గుళ్ళు చూసిన కళ్ళకి ఆ చెక్కుడు పని పెద్ద గొప్పగా అనిపించలేదని టీచరమ్మగారే అన్నారు. రాయిని ఎలా తీస్తారు, ఎలా కోస్తారు, ఎలా నునుపు చేస్తారు అన్నది చూపించిన తీరే ఆవిడకి నచ్చింది.

కొండలో నిలువుగా కాలువల్లాంటి గాడులు కొట్టే యంత్రాన్ని 1860 దశకంలో వెర్మాంట్‌లోనే తయారుచేశారు. అంతకుముందు ఉలీ సమ్మెటా పట్టుకుని మనుషులు కొట్టేవాళ్ళు. పాలరాతికి మందుపాతర పెడితే లోపల సన్న పగుళ్ళు వచ్చి దిమ్మె పనికిరాకుండా పోతుంది. అందుకే గాడి కొట్టి, మేకులు దించి, దిమ్మెని విడదీయాలి. ఒక ఘనమీటరు దిమ్మె 2.7 టన్నుల దాకా బరువు తూగుతుంది. దాన్ని పలకలుగా కోసే రంపానికి అప్పట్లో పళ్ళు ఉండేవి కావు. మొండి ఇనుప పట్టీలు ముందుకీ వెనక్కీ జరుగుతుంటే, మధ్యలో పోసే ఇసుకా నీళ్ళే రాయిని అరగదీసేవి. ఆ రంపాల్ని ఆడించింది పక్కన ఉన్న జలపాతం. అదీ ఆ ఊరు అక్కడే వెలియడానికి కారణం.

ఇంతలో కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఆగిపోయింది కదా అని టీచరమ్మగారు ఊరుకోలేదు. బడిలో సామాన్యశాస్త్రం చెప్పినన్నాళ్ళూ ఆవిడకి కరెంటుతో పని పడలేదు. సంచిలోంచి ఒక పాలరాతి ముక్క, ఒక గ్రానైట్ ముక్క, ఒక నిమ్మకాయ తీశారు. సెల్‌ఫోన్ వెలుగులో రెండిటి మీదా రసం పిండారు. పాలరాతి మీద బుసబుసా సన్నటి నురగ వచ్చింది. గ్రానైట్ మీద ఏమీ కాలేదు. వెనక బెంచీల గుంటలంతా ముందుకొచ్చి ఎగబడ్డారు. పాలరాయి అంటే సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిన రూపం. వెర్మాంట్‌లోది 40 కోట్ల ఏళ్ళకన్నా ముందే సముద్రం అడుగున పేరుకున్న సున్నం. పులుపు తగిలితే కరుగుతుంది. కొత్త ఇళ్ళలో వంటగట్టుకి మోజుపడి పాలరాయి వేయించుకుని, చింతపండు పులుసు ఒలికిన మరకలు చూసి బాధపడుతున్న సభ్యులు ఒకరిద్దరు ఆ చీకట్లో మౌనం వహించారు. మన తూర్పు కనుమల రాళ్ళు వెర్మాంట్ పాలరాతికి రెట్టింపు కన్నా పాతవి, అంతకన్నా చాలా గట్టివి.

ఒక ప్రశ్న

కరెంటు వచ్చాక ప్రశ్నలు అడగమన్నారు. మన సభ్యురాలు, నర్సుగా రిటైరైన సిస్టరమ్మగారు లేచి, "దుమ్ము సంగతి ఏం రాశారండీ ఆ మ్యూజియంలో?" అని అడిగారు.

ఆ ప్రశ్నతోనే ప్రసంగం మలుపు తిరిగింది. దుమ్ము దగ్గర పాలరాయీ గ్రానైటూ ఒకటి కాదు. పాలరాతి పొడిలో ఎక్కువ భాగం సున్నమే. గ్రానైట్‌లో సిలికా ఉంటుంది. కోసేటప్పుడు కంటికి కనబడని రేణువులు ఊపిరితిత్తుల్లో చేరి గట్టి మచ్చలు కడతాయి. అదే సిలికోసిస్. దానికి మందు లేదు. పైగా అది ఉన్నవాడికి క్షయ తొందరగా పట్టుకుంటుంది. ఆయాసం, దగ్గు అనగానే టీబీ మందులిచ్చి పంపేస్తే అసలు రోగం మరుగునపడిపోతుంది. అదే వెర్మాంట్ రాష్ట్రంలో బ్యారీ అనే గ్రానైట్ ఊరుంది. అక్కడ మూసిన షెడ్లలో యంత్రాలతో రాయి చెక్కిన తరాల మనుషులు ఈ రోగంతోనే పోయారు. 1930 దశకం చివర్లో దుమ్ముని పుట్టినచోటే పీల్చేసే గొట్టాలు పెట్టాక గాని చావులు తగ్గుముఖం పట్టలేదు.

ప్రాక్టర్ కంపెనీ 1895లో అడా మేయో స్టువర్ట్ అనే నర్సుని పనివాళ్ళ ఇళ్ళకి తిరిగి చూడడానికి నియమించింది. అమెరికాలో ఒక పరిశ్రమ పెట్టుకున్న మొదటి నర్సుగా ఆవిడని చెబుతారు. సిస్టరమ్మగారి మొహం వెలిగిపోయింది. అయితే అదే కంపెనీలో 1935 చివర్లో కూలి చాలక సమ్మె మొదలై మరుసటేడు వేసవి దాకా సాగింది. సరిగ్గా ఆ నెలల్లోనే, 1936 ఏప్రిల్ 1న, ఇక్కడ మన ఊరిని కలుపుకుని ఒరిస్సా ఏర్పడింది. నర్సుని పెట్టిందీ, కూలి పెంచమంటే పెంచనిదీ ఒకే కంపెనీ. యజమాని తెరిచిన మ్యూజియం చూసేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం. రాయి గొప్పతనం గోడకి ఎక్కినంత తేలిగ్గా రాయి కొట్టినవాడి కూలి లెక్క ఎక్కదు.

1976లో ఆ కంపెనీని ఒక స్విస్ సంస్థ కొంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తీసే పాలరాతిలో ఎక్కువ భాగం పొడిగా మారి కాగితంలోకీ గోడ రంగుల్లోకీ పోతోంది. డాన్బీ దగ్గర కొండ కడుపులో పెద్ద క్వారీ మాత్రం ఇంకా నడుస్తోంది. మిల్లు మూతపడ్డా మ్యూజియాన్ని స్థానికులు, వారసత్వ కట్టడాల్ని కాపాడే వాళ్ళు కలిసి నిలబెట్టుకున్నారు.

తర్వాత చేసిన పనులు

సభ ముగిశాక టీ తాగుతూ మొదలైన మాటలు కార్యవర్గ సమావేశానికి ఎక్కాయి. మనకి పాలరాయి లేదు గాని పాతపట్నం దాటితే మెళియాపుట్టి, టెక్కలి వైపు నీలి గ్రానైట్ ఉంది. ఆ క్వారీల్లో, కటింగ్ పాలిష్ షెడ్లలో పనిచేసేవాళ్ళలో సరిహద్దుకి ఇవతలి తెలుగు, ఒడియా, సవర కుటుంబాల వాళ్ళు ఉన్నారు. ఇల్లు ఒడిశాలో, పని ఆంధ్రలో. జబ్బు చేస్తే ఈ ఆసుపత్రి ఆ కాగితం తెమ్మంటుంది, ఆ ఆసుపత్రి ఈ కార్డు చెల్లదంటుంది.

కొంతమంది సభ్యులం ఒక పాలిష్ షెడ్డుకి వెళ్ళాం. మొదట అడిగిన యజమాని లోపలికి రానివ్వలేదు, ఇంకొకాయన రమ్మని కుర్చీలు వేయించాడు. పెద్ద రంపాల దగ్గర నీళ్ళు పోస్తూనే కోస్తున్నారు, అక్కడ పరవాలేదు. అంచులు అరగదీసే చేతి మిషన్ల దగ్గర మాత్రం అంతా పొడి పనే. మొహానికి తువ్వాలు కట్టుకున్న ఒకాయనని దుమ్ము గురించి అడిగితే, "దుమ్ము లేకపోతే పనెలా అవుద్దండీ బాబూ, పనంతా దుమ్మే కదేటి" అని నవ్వాడు. తువ్వాలు ఆ రేణువుల్ని ఆపదు. కనీసం ఎన్-95 మాస్కు కావాలి, అంతకన్నా ముందు మిషన్ మొన దగ్గర నీళ్ళు పడే ఏర్పాటు ఉండాలి. ఒక ప్లాస్టిక్ డబ్బా, సన్న గొట్టం ఉంటే ఆ ఏర్పాటు చేసుకోవచ్చు. మన సభ్యుల్లో మోటారు మెకానిక్ ఒకరు నమూనాగా ఒకటి బిగించి చూపించారు. ఆ యజమాని మరికొన్ని చేయించుకున్నాడు.

సంక్రాంతి తర్వాత ఛాతీ పరీక్షల శిబిరం పెట్టాం. సిస్టరమ్మగారు ముందుండి నడిపించారు. ఎన్నేళ్ళుగా ఏ పని చేశారో ప్రతి ఒక్కరి చేతా చెప్పించి రాయించారు, ఎందుకంటే ఆ వివరం లేకపోతే ఎక్స్‌రే చూసిన డాక్టరుకి కూడా సిలికోసిస్ తట్టదు. కొందరికి ఎక్స్‌రేలో తేడాలు కనబడ్డాయి. వాళ్ళ పేర్లు గాని సంఖ్య గాని ఇక్కడ రాయడం లేదు. రాస్తే మర్నాడు పనిలోకి రావద్దంటారు. పెద్దాసుపత్రికి పంపే ఖర్చు సంఘం నిధి నుంచి ఇచ్చాం. చట్టం ప్రకారం సిలికోసిస్‌ని విధిగా ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆ ఫారాలు నింపడంలో సాయానికి ఇద్దరు వకీలు సభ్యులు ముందుకొచ్చారు.

గ్రంథాలయంలో చదువుల గది పక్కనున్న చిన్న గదిని రాతి పనివారి వస్తువులకి ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. దీని మీద గట్టి వాదనే జరిగింది. ఆ గదిలో మన ఊళ్ళో పశువుల కొమ్ములతో చేసే కొమ్ము బొమ్మలు పెడితే ఊరికి పేరొస్తుందని ఒక వర్గం వాదించింది. కొమ్ము బొమ్మలకి పేరు ఎప్పుడో వచ్చిందని నేనన్నాను, ఓట్లలో స్వల్ప తేడాతో నెగ్గాం. ఇప్పటికి అరిగిపోయిన ఉలులు, ఒక సమ్మెట, రుబ్బురోలు గంట్లు కొట్టే సుత్తి, పాత కూలి చీటీలు కొన్ని వచ్చాయి. కోణార్క్ గుడికి వాడిన ఖోండలైట్ అనే రాతి జాతి ముక్క ఒకటి టీచరమ్మగారు ఇచ్చారు. ప్రతి వస్తువు పక్కనా దాన్ని వాడిన మనిషి పేరు, ఊరు, చేసిన పని తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తున్నాం. సవరలో కూడా రాయాలని గిడుగువారి జయంతికి వచ్చిన కుర్రాడు అడిగాడు. ఒప్పుకున్నాం, రాసిపెట్టే పని కూడా అతనికే అప్పజెప్పాం.

జమాఖర్చుల పట్టీ విడిగా జతపరిచాం. శిబిరం ఖర్చు వల్ల ఈ ఏడు నిల్వ తగ్గింది. చందా బకాయిలున్న సభ్యులు సర్వసభ్య సమావేశానికి ముందే కోశాధికారిగారికి చెల్లించాలి. కార్యవర్గం గడువు ముగిసింది. సమావేశంలో ఎన్నిక జరుగుతుంది, కార్యదర్శి పదవికి ఈసారి నేను నిలబడడం లేదు. శిబిరం పని మాత్రం వదలను.

రాతి పనిముట్లు, పాత ఫొటోలు, కూలి పుస్తకాలు ఇవ్వదలచినవాళ్ళు ఆదివారం ఉదయం గ్రంథాలయానికి తెచ్చి రిజిస్టరులో రాయించాలి. ఇవ్వడం ఇష్టం లేకపోతే అరువుగా పెట్టొచ్చు, అడిగిన రోజున తిరిగి ఇస్తాం. బరువైనవి ఉంటే కబురు చేయండి, ఆటో పంపిస్తాం.

కార్యదర్శి