సెమ్మొళి పూంగాలో కలిసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

అయ్యా, చెన్నై కేథడ్రల్ రోడ్డులోని ఆ పార్కులో మా నాన్నగారికి పాత ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ ఉన్న చోటంతా తిప్పి చూపించారు. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. 1962లో మొదలై 2008లో మూతపడిన ఆ హోటల్ ఆనవాళ్లు, 2010లో వెలసిన తోటలో దొరకవనే అనుకున్నాం. కార్లు ఎక్కడ ఆగేవో, కిటికీకి పళ్లెం తగిలించి సర్వర్లు ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ ఎలా అందించేవారో ఒక్కో చెట్టు దగ్గరా ఆగి చెప్పారు. అదీ చక్కటి తెలుగులో! కారు లేని మా నాన్నగారు లోపల బల్లల దగ్గరే తినేవారట. ‘అక్కడే సాంబారు వేడిగా ఉండేది’ అంటూ మీరు ఆయన పక్షాన నిలవడం నాకు మరీ నచ్చింది. మోకాళ్ల నొప్పి మరచి ఆయన మీ వెంట నడిచారు. మీకు నమస్కారాలు. మళ్లీ కలిస్తే కాఫీ డబ్బులు మేమే ఇస్తాం.