మా పాపకు అండగా నిలిచిన వారికి కృతజ్ఞతలు

మా పాప పుట్టిన కాన్పులో జరిగిన నిర్లక్ష్యంపై మేము వేసిన ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్ పాక్షికంగా అనుమతించింది. పరిహారం సొమ్మును మైనారిటీ తీరేవరకు పాప పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని ఆదేశించింది. ఈ ఉత్తర్వు రావడానికి, అంతకన్నా ముందు పాప చెయ్యి కదలడానికి కారకులైన వారందరికీ నా భార్య తరఫున, నా తరఫున ఇక్కడ మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను. ఎదుటి పక్షానికి రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు చేసుకునేందుకు చట్టం 45 రోజుల గడువు ఇచ్చింది కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు. సాయం చేసినవారిలో కొందరు తమ పేర్లు వద్దన్నారు, అందుకని అందరినీ వృత్తితోనే ప్రస్తావిస్తున్నాను.

పాప పుట్టినప్పుడు బరువు 4.1 కిలోలు. వాక్యూమ్‌తో, అంటే తలకు కప్పులాంటిది అంటించి లాగే పరికరంతో, తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుపోయింది. ఆ గాభరాలో ఏమేం చేశారో గానీ, మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు సాగి, కుడి చెయ్యి మోచేయి వంగకుండా, అరచేయి వెనక్కి తిరిగి వేలాడిపోయింది. దీన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారని, చాలామంది పిల్లల్లో నెలల వ్యవధిలో కోలుకోవడం ఉంటుందని, అయితే మూడు నెలలకు మోచేయి మడిచే కండరం పని మొదలుపెట్టకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించవలసి ఉంటుందని మాకు మొదట విడమరచి చెప్పినది కాన్పు జరిగిన చోటివారు కాదు, జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రం, అంటే డీఈఐసీలో పనిచేసే ఫిజియోథెరపిస్టు అమ్మగారు.

ఆవిడ రుణం మాకు తీరేది కాదు. వ్యాయామాలు చూపించి పంపించివేయకుండా, ఇంట్లో పాపకు స్నానం ఎవరు చేయిస్తారని అడిగి, మా అత్తగారిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. కాళ్లు చాపుకుని పాపను వాటిమీద పడుకోబెట్టి, నలుగు పెట్టి, చేతులు రెండూ అటూ ఇటూ లాగి మెలిపెట్టడం మా ఇళ్లలో అలవాటు. ఆ లాగుడు ఈ బిడ్డకు ఎందుకు పనికిరాదో ఆవిడ మా అత్తగారి చేతిని తన చేతిలోకి తీసుకుని, భుజాన్ని ఎంతవరకు తిప్పవచ్చో, ఎక్కడ ఆగాలో చూపించారు. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బతిన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర అన్న చిన్న సూత్రాన్ని మా అత్తగారు ఇప్పటికీ తప్పరు. పాప మొదటిసారి మోచేయి మడిచి గుప్పెట నోటి దగ్గరికి తెచ్చుకున్న పూట ఆ కబురు ముందుగా వెళ్లింది ఆవిడకే.

కేసు విషయంలో మేము ఎక్కువగా రుణపడినది, ఫైలు చదివి రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చిన ప్రసూతి వైద్యురాలికి. సాటి డాక్టరుకు వ్యతిరేకంగా సంతకం పెట్టడానికి ముందుకు వచ్చేవారు అరుదు. అయినా ఆవిడ మా వైపు మొగ్గి మాట్లాడలేదు. భుజం ఇరుక్కోవడాన్ని చాలాసార్లు ముందుగా పసిగట్టలేమని, అంతా సక్రమంగా చేసినా నరానికి దెబ్బ తగలవచ్చని, చెయ్యి ఇలా ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని మొదటే స్పష్టంగా చెప్పారు. అడగవలసిన ప్రశ్న ఆ కొద్ది నిమిషాల్లో ఏం చేశారన్నదేనన్నారు. తల్లి తొడలను పొట్ట వైపు బాగా మడిచి, పొత్తికడుపు దగ్గర ఒత్తిడి ఇచ్చి భుజాన్ని విడిపించాలే తప్ప, పొట్ట పైభాగాన్ని నొక్కడం, తల పట్టి బలంగా లాగడం కూడదని వివరించారు. పొట్ట పైభాగాన్ని ఒకరు నొక్కారని నా భార్య మొదటినుంచీ చెబుతూనే ఉంది. కేస్ షీటులో వాక్యూమ్ అన్న ఒక్క మాట తప్ప, ఎన్నిసార్లు లాగారో, తల వచ్చాక ఒళ్లు రావడానికి ఎంతసేపు పట్టిందో, భుజాన్ని విడిపించడానికి ఏ పద్ధతి వాడారో ఎక్కడా లేదు. ఆ ఖాళీలే మా కేసుకు ఆధారమయ్యాయి.

ఆ కేస్ షీటు సంపాదించిపెట్టింది మా గుంటూరు వకీలుగారు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోందని చూపించి, నోటీసు తానే రాసి, రశీదు చేతికి వచ్చేదాకా పట్టు విడవలేదు. ఫిర్యాదు వేయడానికి ఉన్న రెండేళ్ల కాలపరిమితి దాటకుండా కాపాడింది కూడా ఆయనే. ఫిర్యాదును మేము నివసించే జిల్లాలోనే వేయవచ్చని, చెల్లించిన ఆసుపత్రి బిల్లు 5 లక్షల లోపే కాబట్టి కమిషన్‌కు ఫీజు కట్టనక్కరలేదని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. బిడ్డతో పాటు తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని 1998లో సుప్రీంకోర్టు స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో చెప్పిన మాటను ఆయన వాదనలో పెట్టడం వల్లనే నా భార్య పడిన క్షోభకు విడిగా పరిహారం దక్కింది. తీర్పు వచ్చేవరకు ఆయన ఫీజు మాట ఎత్తలేదు.

వాయిదాలకు వెళ్లిన ప్రతిసారీ నా డ్యూటీ తమ మీద వేసుకున్న సహోద్యోగులకు, పెద్దదాన్ని తమ ఇంట ఉంచుకుని బడికి పంపిన మా బావమరిది దంపతులకు కూడా ధన్యవాదాలు.

పాప ఇప్పుడు రెండు చేతులతో పళ్లెం పట్టుకుంటుంది, కుడి చెయ్యి మాత్రం భుజం పైకి పూర్తిగా లేవదు, వ్యాయామాలు కొనసాగుతున్నాయి. ఇలాంటి దెబ్బతో బిడ్డ పుట్టిన తల్లిదండ్రులెవరైనా రికార్డుల కోసం మేము రాసిన దరఖాస్తు, ఫిర్యాదు నకలు కావాలంటే నాకు సందేశం పంపండి. పేర్లు తీసేసి ఇస్తాను, వకీలుగారు అందుకు అనుమతించారు.