నిజామాబాద్ దుకాణం ఎందుకు మూసేస్తున్నామంటే

మా దుకాణాలకు వచ్చే వారందరికీ నమస్కారం.

ఈ మార్చి 31వ తేదీతో నిజామాబాద్‌లోని నూడుల్స్, సాస్‌ల వంటి ఆసియా దేశాల సరుకులు అమ్మే మా దుకాణాన్ని మూసివేస్తున్నాము. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దుకాణాలు ఎప్పటిలాగే నడుస్తాయి. షట్టరు మీద ఒక కాగితం అతికించి ఊరుకోవచ్చు. కానీ 2025 సంక్రాంతికి అదే షట్టరుకు మామిడి తోరణం కట్టి, ఉత్తర తెలంగాణలోని ప్రతి పట్టణానికీ వస్తున్నామని ఫ్లెక్సీ వేయించింది మేమే కాబట్టి, ఆ మాట ఎక్కడ తప్పామో చెప్పవలసిన బాధ్యత కూడా మాదే. నెల రోజులుగా రకరకాల కారణాలు వినబడుతున్నాయి. పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే యాప్‌లు మమ్మల్ని దెబ్బతీశాయని కొందరు, మా ఇంట్లో పంపకాలు మొదలయ్యాయని మరికొందరు అంటున్నారు. ఈ రెండింట్లో ఏదీ నిజం కాదు. లెక్క తప్పింది నేను.

కొత్తగా పరిచయమైన వారి కోసం పాత సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా మామగారు 1986లో హన్మకొండ చౌరస్తాకు దగ్గరలో కిరాణా దుకాణం పెట్టారు. బియ్యం, పప్పులు, పల్లీలు, సకినాల రోజుల్లో నువ్వులు, వాము, రెండేళ్లకొకసారి మేడారం జాతరకు ముందు బస్తాల కొద్దీ బెల్లం అమ్మేవాళ్లం. మావారు తెల్లవారకముందే ఏనుమాముల మార్కెట్‌కు వెళితే, గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. 2018లో ఒక సాయంత్రం, ఎన్‌ఐటీలో చదివే ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఇద్దరు వచ్చి చేప సాస్, వెదురు కొమ్మల పచ్చడి ఉన్నాయా అని అడిగారు. ఆ పేర్లు వాళ్ల చేతనే కాగితం మీద రాయించుకుని హైదరాబాద్ నుంచి తెప్పించాను. వారం తిరగకముందే ఆ పిల్లలు మరో పదిమందిని వెంటబెట్టుకుని వచ్చారు. అలా ఒక అర, తర్వాత ఒక గోడ, 2021లో కాజీపేటలో ఒక ప్రత్యేక దుకాణం ఏర్పడ్డాయి. దాని బోర్డు మీద ‘ఆసియా సరుకులు’ అని రాయించినప్పుడు, మరి మన కందిపప్పు ఏ ఖండానిదమ్మా అని మా మామగారు అడిగారు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నేను దారి తప్పింది 2023 వేసవిలో, డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు. ఆ జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త తెలిసిన మరునాడే అక్కడి భారతీయ దుకాణాల ముందు సోనామసూరి బస్తాల కోసం జనం బారులు తీరారు. ఇంటికి ఒక్క బస్తా మాత్రమే ఇస్తామని కాగితాలు అంటించారు. నలభై ఏళ్లుగా బియ్యం అమ్మిన ఇంటి కోడలిని కదా, ఆ వరుసలో నిలబడి నేను చూసింది గిరాకీని మాత్రమే. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ దుకాణాల చరిత్ర కనుక్కోవడమే పనిగా పెట్టుకున్నాను. పటేల్ బ్రదర్స్‌ను గుజరాత్ నుంచి వెళ్లిన అన్నదమ్ములు 1974లో షికాగోలోని డెవన్ అవెన్యూలో ఒక చిన్న కొట్టుగా మొదలుపెట్టారు. కొరియా వారి హెచ్ మార్ట్ 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మొదలైంది. ఆ ‘హెచ్’ వెనుక ఉన్న కొరియా మాటకు చేతుల నిండా సరుకులు అని అర్థమట. తైవాన్ నుంచి వెళ్లినవారి 99 రాంచ్ 1984లో కాలిఫోర్నియాలో, వియత్నాం వారు స్థిరపడిన పేటలో పుట్టింది. ఒక్కొక్క కొట్టు పదుల సంఖ్యలో దుకాణాలు కావడం చూసి, మంచి సరుకు, శుభ్రమైన దుకాణం ఉంటే జనం వస్తారని నాకు నేను పాఠం చెప్పుకున్నాను.

ఆ పాఠాన్ని నేను తలకిందులుగా చదివాను. అక్కడ జనం ముందు వెళ్లారు, దుకాణం వారి వెనుక వెళ్లింది. డెవన్ అవెన్యూలో పప్పు కొన్నవారికి ఆ పప్పు రోజూ కావాలి, అది దొరక్కపోతే పొద్దు గడవదు. వారిని దుకాణానికి నడిపించింది ఇంటి మీద బెంగ. మన ఊళ్లో ఉండి కొరియా సీరియల్ చూసి కొరియా నూడుల్స్ కొనే పిల్లవాడిని నడిపించేది మోజు. మోజును నేను చులకన చేయడం లేదు, మా కాజీపేట అద్దెలో కొంత అదే కట్టింది. అయితే మోజుతో కొన్న మిర్చి ముద్ద డబ్బా ఏడాది పాటు ఫ్రిజ్‌లో ఉంటుంది, బెంగతో కొన్న చేప సాస్ సీసా నెలకు ఒకటి ఖాళీ అవుతుంది. ఈ తేడా నా లెక్కల పుస్తకంలో మొదటి నుంచీ ఉంది, నేనే చూడలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం కొరియా కంపెనీ సామ్యాంగ్ నూడుల్స్‌లో మూడు రకాలను, కారం ప్రమాదకర స్థాయిలో ఉందని చెప్పి, దుకాణాల నుంచి వెనక్కి పిలిపించింది. ఆ వార్త వచ్చిన వారంలో కాజీపేటలో ఆ నూడుల్స్ రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి. ఏనుమాముల యార్డులో తేజ మిర్చి కుప్పల మధ్య తుమ్ముకుంటూ పెరిగిన ఊరికి డెన్మార్క్ వారి భయం నవ్వు తెప్పించి ఉంటుంది. నేను సంబరపడి, రాబోయే నిజామాబాద్ దుకాణాన్ని కూడా లెక్కలో వేసుకుని, మూడింతల సరుకుకు డబ్బు కట్టాను. ఆ కారం ఎవరు తినగలరో చూద్దామని పిల్లలు వేసుకున్న పందేలు ముగిశాయి, పెట్టెలు మిగిలాయి.

దిగుమతి సరుకు మిగిలితే ఎంత నష్టమో మీకు తెలియకపోవచ్చు. విదేశీ ఆహార పదార్థం మన రేవులో దిగేటప్పుడు దాని నిల్వకాలంలో 60 శాతం లేదా మూడు నెలలు, వీటిలో ఏది తక్కువైతే అంత మిగిలి ఉంటే చాలునని నిబంధన. అంటే ఏడాది నిల్వ ఉండే సరుకు కూడా మూడు నెలల ఆయుష్షుతో దేశంలోకి రావచ్చు. అది హైదరాబాద్ గోదాముకు, అక్కడి నుంచి మాకు చేరేసరికి ఇంకొంత కాలం గడిచిపోతుంది. మీకు తరచూ సగం ధరకు కనబడే పెట్టెలు అవే. తేదీ దగ్గరపడిన సరుకును పెద్ద అక్షరాలతో చెప్పి అమ్ముతున్నామే తప్ప దాచి ఎన్నడూ అమ్మలేదు. తేదీ దాటినది పారబోస్తున్నాము, నిజామాబాద్‌లో పోయిన ఏడాది పారబోసిన సరుకు విలువ అక్కడి మూడు నెలల అద్దెను మించింది. చేపలు, మోమోల వంటి డంప్లింగులు మైనస్ 18 డిగ్రీల్లో ఉంచే ఫ్రీజర్ల కరెంటు బిల్లు మాత్రం, లోపల ఒక్క పొట్లమే ఉన్నా, నిండా ఉన్నా ఒకటే.

మరి కరీంనగర్ ఎలా నిలబడింది? ఇందులో మా తెలివి కొంచెం కూడా లేదు. 2023 చివర్లో అక్కడ దుకాణం తెరిచినప్పుడు నేను కాలేజీ పిల్లల కోసం ఎదురుచూశాను. వచ్చింది గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారు. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు సౌదీలో, దుబాయ్‌లో పనిచేసి వచ్చిన మనుషులు వీరు. క్యాంపు గదుల్లో రాత్రి డ్యూటీ దిగాక ఇండోనేషియా వారి ఇండోమీ నూడుల్స్ వండుకుని తిన్న అలవాటు వారిని వదలలేదు. ఒక పెద్దమనిషి ఆ పొట్లం చేతిలోకి తీసుకుని, మా గదిలో ఫిలిప్పీన్స్ అతను దీంట్లో గుడ్డు కొట్టి వేసేవాడమ్మా అని చెప్పి, పెట్టె మొత్తం కొనుక్కుపోయారు. ఇక్కడ ఉన్నప్పుడు అక్కడి మీద, అక్కడ ఉన్నప్పుడు ఇక్కడి మీద బెంగపడిన మనుషులు వారు. వారి ఇళ్లలో ఆ నూడుల్స్ ఇప్పుడు మనవలు కూడా తింటున్నారు.

ఇంత కళ్లముందు కనబడుతున్నా, నిజామాబాద్‌లో నేను కొన్నది కొరియా సాస్‌లు, దుకాణం పెట్టింది ఎక్కువ అద్దె ఉన్న నగరం నడిబొడ్డున. గల్ఫ్ కుటుంబాలు ఎక్కువగా ఉన్నది ఆర్మూరు, బాల్కొండ, భీంగల్ పల్లెల్లో. రెండు పొట్లాల నూడుల్స్ కోసం బస్సెక్కి నిజామాబాద్ రావడానికి వారికేం పని? వారిలో ఒకరిద్దరు వచ్చి ఈ మాట మొహం మీదే చెప్పారు కూడా. అప్పటికి నేను ఫ్లెక్సీ మీది మాటను నిలబెట్టుకోవాలనే పట్టుదలలో ఉన్నాను.

దుకాణాలు పెరగడం వల్ల జరిగిన మరో రెండు తప్పులు కూడా మీ ముందు పెట్టాలి. మొదటిది కరీంనగర్‌లో జరిగింది. కొరియా వారి క్యాబేజీ పచ్చడి కదా అని కిమ్చీ సీసాలను మామిడికాయ పచ్చళ్ల పక్కన పేర్చాము. కిమ్చీలో సాధారణంగా చేప సాస్ గానీ ఉప్పు రొయ్యలు గానీ కలుపుతారు. మాంసాహారాన్ని సూచించే గోధుమరంగు త్రికోణం గుర్తు ఆ సీసాకు అడుగున ఉంది. మాంసాహారం ముట్టని ఒక కుటుంబం దానిని రెండు పూటలు తిన్న తర్వాత ఆ గుర్తును చూసింది. ఆ ఇంటి పెద్దావిడ దుకాణానికి వచ్చి, కేకలు వేయకుండా, సీసాను బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. వారింటికి వెళ్లి క్షమాపణ చెప్పాను, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. అప్పటి నుంచి మాంసాహారపు గుర్తు ఉన్న సరుకంతా వేరే గోడకు మార్చాము, కొత్త సరుకు ఏది వచ్చినా పదార్థాల జాబితాను నేనో మావారో చదివిన తర్వాతే అది అరలోకి వెళుతుంది. ఒక్క దుకాణం ఉన్నప్పుడు ఇది నియమం కాదు, ఎవరూ చెప్పకుండానే జరిగే పని.

రెండవది ధరల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నూడుల్స్, సాస్‌ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. హన్మకొండ, కాజీపేటల్లో అదే రోజు బిల్లులు మార్చాము. కరీంనగర్ కంప్యూటర్‌లో మార్చడం రెండు వారాలు మరిచిపోయాము. ఆ రెండు వారాల బిల్లు మీ దగ్గర ఉంటే తెండి, తేడా తిరిగి ఇస్తాము. బిల్లు లేకపోయినా మీ ఫోన్ నంబరు మీద కొనుగోలు కనబడితే చాలు. పన్ను తగ్గిన తర్వాత కూడా కొన్ని ధరలు మళ్లీ ఎందుకు పెరిగాయని అడుగుతున్నారు. డిసెంబర్‌లో డాలరు 90 రూపాయలు దాటింది, మాకు సరుకు వేసే హోల్‌సేల్ వ్యాపారులు ఆ భారాన్ని మా మీద వేశారు, మేము కొంత భరించి మిగిలింది మీ మీద వేశాము.

అన్నీ దిగుమతులే కానక్కర్లేదని ఈ మధ్య ఒక విషయం మాకు నేర్పింది మీలో కొందరే. కిమ్చీని ఇంట్లో పెట్టుకునే హన్మకొండ ఆడపిల్లలు, కొరియా కారప్పొడి బదులు మన చపాటా మిర్చి పొడి వాడుతున్నామని చెప్పారు. ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. రెండింటి గుణమూ ఒకటే, రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా, కొరియా పొడి ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది. మావారు యార్డులో స్వయంగా చూసి తెచ్చిన కాయలను తొడిమలు తీయించి, గింజలు తగ్గించి పట్టిస్తున్నాము. ఈ పొడి ఇప్పుడు మూడు దుకాణాల్లోనూ ఉంది, మొదటి విడతలో కొంచెం గరుకుగా వచ్చిన మాట నిజమే.

నిజామాబాద్‌లో మాతో పనిచేసిన నలుగురిలో ఒకరు కరీంనగర్‌కు వస్తున్నారు. మిగిలిన ముగ్గురికీ ఊరు వదలడం కుదరదు కనుక రెండు నెలల జీతం ఇస్తున్నాము, ఇంతకంటే ఎక్కువ ఇవ్వగలిగే స్థితిలో లేము. అక్కడ 2,000 రూపాయలు ముందుగా కట్టి సభ్యత్వ కార్డు తీసుకున్నవారు, మిగిలిన మొత్తాన్ని మార్చి 31లోగా దుకాణంలోనే నగదుగా తీసుకోవచ్చు. ఆ తర్వాత కార్డు ఫొటోను మా దుకాణం నంబరుకు పంపితే మీ ఖాతాలో వేస్తాము. హన్మకొండ పాత దుకాణంలో ఉద్దెర ఖాతాలు ఉన్నవారు కంగారు పడవద్దు, ఆ పుస్తకం మా మామగారిది, దాని జోలికి నేను వెళ్లను.

ఆర్మూరులో మాకు తెలిసిన ఒక కిరాణా దుకాణం వారు తమ గోడకు ఒక ర్యాకు ఇస్తామన్నారు. ఏప్రిల్ మొదటి వారం నుంచి గల్ఫ్ కుటుంబాలు అడిగే సరుకులు పది, పన్నెండు రకాలు అక్కడ ఉంచుతాము. ఏ రకాలన్నది మేము నిర్ణయించడం లేదు; ఆ కొట్టు గల్లా దగ్గర ఒక నోటుబుక్కు కట్టి ఉంటుంది, మీకు కావలసినవి అందులో రాయండి. బోర్డు ఉండదు, ఫ్లెక్సీ అసలే ఉండదు. నిజామాబాద్‌లోని రెండు ఫ్రీజర్లలో ఒకటి కాజీపేటకు తెస్తున్నాము, రెండవది అమ్మకానికి ఉంది. కొని పద్నాలుగు నెలలైంది, బాగానే పనిచేస్తోంది, కావలసినవారు హన్మకొండ దుకాణంలో అడగగలరు.