మిక్సీ బోర్లించి చూడు బిడ్డా

నల్గొండ

బిడ్డా,

రాత్రి ఫోన్లో నువ్వు సగం ఏడుస్తూ సగం అరుస్తూ చెప్పింది మీ బాపు కూడా విన్నాడు. బొద్దింకలకే అంత భయమా అని నవ్వాడు. పోయిన నెల బాత్రూంలో ఒకటి ఎగిరి భుజం మీద వాలితే తువ్వాలతోనే వాకిట్లోకి ఉరికిన మనిషి ఆయన. నువ్వు పట్టించుకోకు.

మోరీలోంచి వచ్చే బొటనవేలంత ఎర్రవైతే పెద్ద రంది లేదు. రాత్రిపూట జాలీ మీద మూత పెడితే చాలావరకు ఆగుతాయి. కానీ నువ్వు చెప్పినవి చిన్నవి, గోధుమరంగువి, మెడ మీద రెండు నల్ల గీతలున్నవి. అవి ఇంట్లోనే సంసారం పెడతాయి. ఆడది గుడ్ల సంచిని తోకకే మోసుకుని తిరుగుతుంది. ఒక్క సంచిలోంచే 30, 40 పిల్లలు.

నువ్వు ఇంటర్ చదివేటప్పుడు మనింట్లో ఇదే గోస. ప్రకాశం బజార్ నుంచి స్ప్రే తెచ్చి, వంటింటి తలుపులు మూసి, ఒక్క రాత్రిలో డబ్బా ఖాళీ చేశాను. పొద్దున దోసెడు ఊడ్చి గెలిచాననుకున్నాను. నాలుగు రోజులకు నీ పుస్తకాల అలమారలో తేలాయి. మందు పడనివన్నీ పక్క అర్రలోకి మకాం మార్చాయి, అంతే.

తర్వాత ఒకరోజు తుడుద్దామని మిక్సీ బోర్లించాను. కింద గాలి కోసం ఉండే చీలికల్లో మీసాలు కదులుతున్నాయి. మీసాలే, ఒళ్లు కనబడదు. నేలకేసి తట్టితే బిలబిలా రాలాయి. చుట్టూ టీ పొడి చల్లినట్టు వాటి పెంట. ఆ పొద్దునే అందులో నీకు పల్లీ చట్నీ రుబ్బిన సంగతి ఇన్నేళ్లూ చెప్పలేదు.

ఫ్లోరైడ్ భయానికి పెట్టించుకున్న ఫిల్టర్ కూడా సన్నగా కారుతూ గట్టు ఎప్పుడూ తడిగా ఉండేది. వాటికి అదే చెరువు. తిండి లేకున్నా వారాల తరబడి బతుకుతాయి గానీ నీళ్లు లేకుంటే అంతకాలం ఆగలేవు. అందుకే పడుకునే ముందు సింక్ పొడిగుడ్డతో తుడిచెయ్, ఫ్రిజ్ వెనక ట్రేలో నీళ్లు పారబొయ్. బోళ్లు పొద్దున తోముకుందాంలే అని వదలకు. అత్తగారిలా మాట్లాడుతున్నానని అనుకోకు.

అప్పట్లో నేను క్యారంబోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌లో గోధుమపిండి, చక్కెర, పాలు కలిపి ఉండలు పెట్టాను. నీ దగ్గర పాకే పిల్లాడున్నాడు, దొరికిందల్లా నోట్లోకే పోతుంది. ఉండలు వద్దు, లక్ష్మణరేఖ చాక్‌పీసు అసలే వద్దు. సిరంజిలో జెల్ మందు దొరుకుతుంది. కందిగింజలో సగమంత చుక్కలు అలమార తలుపుల కీళ్ల లోపల, ఫ్రిజ్ వెనక, వాడి చెయ్యి అందని చోట పెట్టు. తిన్నది అక్కడే చావదు, సందులోకి పోయి చస్తుంది. దాన్ని, దాని పెంటను తిన్నవీ పోతాయి. ఆ చోట్ల స్ప్రే కొట్టావంటే ఇక మందు ముట్టవు, గుర్తుపెట్టుకో. మొదటి వారం ఇంకా తిరుగుతుంటే టెన్షన్ పడకు. గుడ్లలోంచి కొత్తవి వస్తాయి కాబట్టి నెలకు ఇంకోసారి పెట్టు.

ఆదివారం తమ్ముడు వనస్థలిపురం వస్తున్నాడు. మామిడికాయ తొక్కు, జొన్నపిండి పంపుతున్నాను. కిరాణం దుకాణంలో అడిగి తెచ్చిన అట్టపెట్టెలో కట్టాను. దాన్ని లోపలికి తీసుకుపోకు, గుమ్మం బయటే విప్పి, పెట్టె అటే పారెయ్.

అమ్మ