అతుకుల బొంత అంత తేలిగ్గా విడిపోదు

సంపాదకులకు,

ఎక్కడ సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడినా మన పత్రికల్లో ‘అతుకుల బొంత’ అనే మాట కనిపిస్తుంది. ఎప్పుడు ఊడిపోతుందో తెలియనిది అని రాసేవారి ఉద్దేశం. బొంతలు కుట్టేవాళ్లుగా ఈ పోలిక మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. సరిగ్గా కుట్టిన బొంతలో మామూలుగా ముందు నలిగి చిరిగేది బట్ట. అతుకే ముందు ఊడిందంటే, ఏ ముక్క పక్కన ఏ ముక్క వేయాలో చూసుకోకుండా కుట్టారని అర్థం. టైలర్ షాపుల్లో మిగిలిన ముక్కలు తెచ్చి బొంత కుట్టబోయి, రెండు ఉతుకులకే అది ముడతలు పడితే ‘అతుకుల బొంత అంతేలే’ అని మూలన పడేసేవాళ్లు ఉన్నారు. తప్పు అతుకులది కాదు, ఏరడంలో ఉంది.

వెనకటి బొంతలకు ఈ బాధ ఉండేది కాదు. నూలు చీర, పంచె, లుంగీ, అన్నీ ఏళ్ల తరబడి ఉతికినవే. కుంచించుకోవాల్సిందంతా అప్పటికే కుంచించుకుపోయింది, దిగాల్సిన రంగు దిగిపోయింది. ఇప్పుడు టైలర్ సంచి విప్పితే పాప్లిన్, టూ బై టూ, లైనింగ్, జార్జెట్, క్రేప్, శాటిన్, నెట్, జీన్స్ అన్నీ కలిసి వస్తాయి, పైగా చాలావరకు నీళ్లు తగలని కొత్త బట్ట. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో సాధారణంగా నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోతుంది. 45 అంగుళాల వెడల్పులో అది సుమారు అంగుళన్నర నుంచి రెండు అంగుళాలు. పాలిస్టర్ దాదాపు కదలదు. రెండూ పక్కపక్కన ఉంటే నూలు ముక్క లాగేస్తుంది, పాలిస్టర్ ముక్క బుడగలా ఉబ్బుతుంది, మధ్యలో ఉన్న కుట్టు మీద బరువంతా పడుతుంది. బొంత ముడతలు పడటానికి అసలు కారణం ఇదే.

కాబట్టి కత్తెర పట్టేముందు ముక్కలు ఏరాలి. చేతికి మెత్తగా ఉంటే నూలే అనుకోకండి. అనుమానం ఉన్న ముక్క నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని దీపం వత్తికి చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక నల్లని గట్టి పూసలా మిగులుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. రేయాన్ దగ్గరే మోసపోతాం: అది కూడా నూలులాగే కాలుతుంది, కానీ తడిస్తే బలం తగ్గిపోతుంది. పక్కన ఒక పోగును నీళ్లలో ముంచి లాగి చూస్తే తెలిసిపోతుంది.

ఏరిన నూలు ముక్కలన్నీ పాత దిండు గలేబులో వేసి మూతి కట్టి వేడినీళ్లలో ఉతకాలి. విడిగా ఉతికితే పోగులు ఊడి చిక్కుపడతాయి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కల్ని మాత్రం వేరుగా నానబెట్టండి. తర్వాత తడి తెల్లగుడ్డ పరిచి, దానిమీద ముక్క పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కితే గుడ్డకు రంగు అంటుతుందో లేదో తేలిపోతుంది. మూడుసార్లు నానబెట్టినా రంగు దిగుతూనే ఉంటే ఆ ముక్క ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాలి. ఉప్పునీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది నమ్మకం, దాని మీద ఆధారపడితే తెల్లముక్కలన్నీ గులాబీరంగుకు తిరుగుతాయి.

ఒక్కరికి సరిపడే బొంతకు లెక్క ఇది. పూర్తయ్యాక 80 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పు. అడుగుకు రెండు పాత నూలు చీరలు. ఐదున్నర మీటర్ల చీర నుంచి 82 అంగుళాల పట్టీలు రెండు తీస్తే ఇంకా 52 అంగుళాల ముక్క మిగులుతుంది. రెండు చీరల్లో మిగిలినవి కలిపి అతికితే ఐదో పట్టీ వస్తుంది. అంటే అడుగున ఐదు పొరలు, పైన అతుకుల పొర ఒకటి. దూది అక్కర్లేదు, దూది నింపితే అది రజాయి.

పై పొరకు ఆరంగుళాల చదరాలు 144 కావాలి. అన్ని వైపులా అరంగుళం మార్జిన్ పోగా ఐదంగుళాలు మిగులుతుంది, అడ్డంగా తొమ్మిది, నిలువుగా పదహారు. మిషన్ మీద చొక్కా కుట్టేవాళ్లు పావంగుళం చాలంటారు. పాత బట్టకు, పోగులు ఊడే బట్టకు అది చాలదు, ఉతికే కొద్దీ మార్జిన్ పీచై కుట్టు దాకా వచ్చేస్తుంది. చదరాన్ని పడుగు పోగు వెంట, అంటే బట్ట పొడవునా పోయే పోగు వెంట కత్తిరించాలి. జాకెట్ చంక దగ్గర మిగిలే ముక్కలు ఓరగా ఉంటాయి, వాటిని అలాగే అతికితే అంచు సాగి బొంత ఒక మూలకు లాగుతుంది. ఆరంగుళాలు రాని చిన్న ముక్కల్ని పారేయకండి. పాత పంచె నుంచి ఆరంగుళాల చదరం తీసి, దానిమీద ఒక ముక్క పెట్టి, రెండోది బోర్లించి కుట్టి, తిప్పి ఇస్త్రీ చేస్తూ పోతే చదరం నిండుతుంది. ఓరగా ఉన్నవి కూడా ఇక్కడ పనికొస్తాయి, అడుగున పంచె పట్టి ఉంచుతుంది కాబట్టి సాగవు.

వరుసలు అతికేటప్పుడు ఒక వరుసలో మార్జిన్లు కుడికి, తర్వాతి వరుసలో ఎడమకు ఇస్త్రీ చేసి మడవాలి. అన్నీ ఒకే వైపు ఉంటే నాలుగు చదరాలు కలిసేచోట గడ్డ కట్టి చేతిసూది దిగదు, మిషన్ సూది విరుగుతుంది. గంతకు తగ్గ బొంత అన్నట్టు ముక్కకు తగ్గ ముక్క ఉండాలి. జీన్స్ పక్కన మల్లు గుడ్డ వేస్తే, జీన్స్ అంచు ఒరుసుకుని మల్లు కుట్టు పక్కనే చిరుగుతుంది.

పొరలన్నీ నేలమీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, జానెడు జానెడుకీ కచ్చా కుట్టు, అంటే తర్వాత తీసేసే వదులు కుట్టు వేయాలి. దీన్ని బద్ధకించి వదిలేసినవాళ్లకే లోపలి పొర మడతపడిపోతుంది, అది ఉతికాక గానీ బయటపడదు. అసలు కుట్టు నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలి. ఒక అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా తోసుకుంటూ పోయి అవతలి అంచు దగ్గర సంచిలా మిగులుతుంది. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు కుట్టే కావండిలో అంచు నుంచి లోపలికే చుట్టూ తిరుగుతూ వస్తారు. వాళ్లు ముక్కల్ని ముందుగా అతకరు, కుట్టుకుంటూ వస్తూ ఒక్కో ముక్క చేరుస్తారు కాబట్టి బట్టను ఎప్పటికప్పుడు సర్దుకోగలుగుతారు. ముందే అతికిన పై పొరతో అలా చేయబోతే కుదరదు.

కుట్టు వరుసల మధ్య అంగుళం ఎడం. దారం బిగించి లాగకూడదు, పాత నూలు బట్టను బిగిసిన దారమే కోసేస్తుంది. సూదికి రెండు మూరల కన్నా ఎక్కువ దారం ఎక్కిస్తే చిక్కుపడుతుంది. ముడి పొరల మధ్య దాగాలి. అంచుకు రెండున్నర అంగుళాల పట్టీ 22 అడుగులు కావాలి. చిరిగిన చీరల అంచులు ఉంటే వాటిని మించింది లేదు, జరీ మాత్రం వద్దు, మెడకు గీసుకుంటుంది.

వెడల్పున అంగుళానికో వరుస వేస్తే 44 వరుసలు, ఒక్కోటి 80 అంగుళాలు. అంటే దాదాపు 90 మీటర్ల కుట్టు, రెండు పోగులకు సుమారు 200 మీటర్ల దారం. అంగుళానికి మూడు కుట్ల చొప్పున పదివేల పైచిలుకు కుట్లు. అతుకుల బొంత అని రాసేవారు ఈ అంకె ఒక్కసారి గుర్తుచేసుకోవాలని కోరుతున్నాం. ‘పాత గుడ్డలే కదా’ అని కూలి దగ్గర బేరమాడేవారు కూడా.

నానితే ఈ బొంత మూడు కిలోలు దాటుతుంది. తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు సాగుతాయి, మంచం మీదో పిట్టగోడ మీదో పరిచి ఆరబెట్టాలి.

టైలర్ అన్నలకు, అక్కలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. కత్తిరించే బల్ల పక్కన ఒక సంచికి బదులు రెండు పెట్టండి, ఒకటి నూలు ముక్కలకు, ఒకటి మిగతా వాటికి. కత్తిరిస్తున్నప్పుడు అది ఏ బట్టో మీ చేతికి తెలుసు. సంచిలో కలిసిపోయాక ఒక్కో పోగూ దీపానికి చూపించుకోవాల్సింది మేమే.

ఇట్లు,
బొంతలు కుట్టే పాఠకులు,
జగిత్యాల