ఓమ్‌ల అంకె చెప్పకుండా స్పీకర్లు అమ్ముతున్నారు

సంపాదకుడు గారికి,

నమస్కారం. తెనాలిలో ముప్ఫయ్యేళ్ళుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. పండగ ఆఫర్లు ముగిసిన నెలలో నా బల్ల మీదికి కాలిపోయిన సెట్లు రావడం ఏటా చూస్తున్నాను. వాటిలో చాలావాటికి సరుకు లోపమూ కారణం కాదు, కరెంటు హెచ్చుతగ్గులూ కారణం కాదు. ఆంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ జోడీ కుదరకపోవడమే. కుదురుతుందో లేదో చెప్పే అంకె ఒకటుంది, అదే ఓమ్‌లు, అంటే కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డో చెప్పే లెక్క. కొనేవాళ్ళకి దాన్ని ఎవరూ చూపించడం లేదు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక ఒక రిటైర్డ్ టీచరమ్మగారు ఆటోలో ఆంప్లిఫయర్ పెట్టుకుని వచ్చారు. హాల్లో రెండు స్పీకర్లతో పాత పాటలు వింటూ ఉండేవారు. వసారాలో కూర్చున్నప్పుడు కూడా వినపడాలని ఇంకో జత కొన్నారు. ఆ షాపులో అబ్బాయిని అడిగితే, "ఏ స్పీకరైనా పడుతుందండీ, రెండు తీగలే కదా" అన్నాడట. పాత తీగల పక్కనే కొత్త తీగలు బిగించారు. సౌండ్ తక్కువలో ఉన్నన్నాళ్ళూ బాగానే పాడింది. పండక్కి మనవలు వచ్చి సౌండ్ పెంచారు. పాట మధ్యలో టక్కుమని ఆగింది. ఆపి మళ్ళీ వేస్తే వచ్చింది. అలా నాలుగైదు సార్లు అయ్యాక పొగ వచ్చింది. ఆ టక్కుమన్నది లోపలి రిలే, అంటే ప్రమాదం వస్తే స్పీకర్‌ని విడదీసే స్విచ్చు. నా వల్ల కావడం లేదని సెట్టు మొత్తుకుంటోందన్నమాట. ఆమెకు ఎలా తెలుస్తుంది?

మూత విప్పితే ఎడమ స్పీకర్‌ని నడిపే భాగంలో తెల్లటి సిమెంటు రెసిస్టర్ నిలువునా పగిలి ఉంది. దాని పక్కన స్పీకర్‌కి కరెంటు అందించే 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత పూర్తిగా కాలి షార్టయింది. వెనక స్టిక్కర్ మీద, కళ్ళద్దాలు పెట్టుకున్నా సరిగ్గా ఆనని అక్షరాల్లో, 6 నుంచి 16 ఓమ్‌లు అని ఉంది. హాల్లో స్పీకర్లు 6 ఓమ్‌లవి, వసారాలోవి 4 ఓమ్‌లవి. పక్కపక్కన, అంటే పారలల్‌గా కలిపితే కరెంటుకి దారులు రెండై అడ్డు తగ్గుతుంది, ఆంప్లిఫయర్‌కి కనిపించేది 2.4 ఓమ్‌లే. స్పీకర్లు తెప్పించి మీటర్ పెడితే 2.1 చూపించింది. మీటర్ కాయిల్ తీగ అడ్డు ఒక్కటే కొలుస్తుంది కాబట్టి రాసినదానికన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, అది మామూలే.

ఓమ్‌లంటే కరెంటుకి ఉండే అడ్డు. చెరువు తూము లాంటిదనుకోండి. ఓమ్‌లు తగ్గేకొద్దీ తూము వెడల్పవుతుంది. ఆంప్లిఫయర్ 12 వోల్టులు ఇస్తున్నప్పుడు 6 ఓమ్‌ల స్పీకర్ 2 ఆంపియర్లు లాగుతుంది. 2.4 ఓమ్‌లైతే 5 ఆంపియర్లు. రెండు ఆంపియర్లకు తయారైన మనిషి నెత్తిన అయిదు పెట్టామన్నమాట. పైగా ఈ అడ్డు పాటలో స్వరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 8 ఓమ్‌లని రాసిన స్పీకర్ ఎక్కడా 6.4 కన్నా కిందికి దిగకూడదని, అంటే రాసినదాంట్లో 80 శాతానికి తగ్గకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆంప్లిఫయర్ చేసేవాళ్ళు ఆ లెక్కతోనే కనీస ఓమ్‌లు రాస్తారు. రాసినది ఎవరికీ కనపడకపోతే ఏం లాభం?

"నేనేం తప్పు చేశాను నాయనా?" అని అడిగారు టీచరమ్మగారు. మీ తప్పేం లేదమ్మా అన్నాను. హాలు సెట్టు బాగుచేసి, వసారా స్పీకర్లకి విడిగా 4440 అనే ఐసీ (ఆంప్లిఫయర్ అంతా ఇమిడిన చిన్న చిప్పు) ఉన్న చిన్న బోర్డు పెట్టి ఇచ్చాను. ఆ ఐసీ 4 ఓమ్‌ల కోసమే పుట్టింది, హాయిగా పాడుతోంది. కానీ ఆమె పింఛను డబ్బులు పోనే పోయాయి.

4440 అన్నాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఐసీ ఒక్కో వైపు ఇచ్చేది 6 వాట్లు. రెండు వైపులూ కలిపి ఒకే స్పీకర్‌కి కడితే, అంటే బ్రిడ్జ్ చేస్తే 19. అదే ఐసీ వేసిన డబ్బా మీద 1000 వాట్స్ పీఎంపీవో (క్షణకాలపు అత్యధిక శక్తి అని చెప్పుకునే అంకె) అని రాసి ఉండగా నా చేత్తో విప్పాను. పీఎంపీవో అనేదానికి ఒప్పుకున్న కొలతంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు. ఎన్ని ఓమ్‌ల మీద, సౌండ్ ఎంత చెడిపోయే దాకా (దాన్ని వక్రత అంటాం) కొలిచారో చెప్పకుండా వాట్లు చెప్పడమంటే కిలోకి ఎన్ని గ్రాములో చెప్పకుండా బియ్యం అమ్మడమే. అమెరికాలో 1974లోనే దీనికి నిబంధన పెట్టారు. 2024లో దాన్ని సవరించి, వాట్లు ప్రకటిస్తే 8 ఓమ్‌ల మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, అంటే బొంగురు స్వరం నుంచి సన్నటి స్వరం దాకా కొలిచినవి చెప్పి తీరాలన్నారు. మన దగ్గర ఫ్రిజ్‌కి, ఏసీకి స్టార్లు చూసి కొనడం జనానికి అలవాటైంది. స్పీకర్‌కి మాత్రం రంగు లైట్లు చూసి కొనాల్సి వస్తోంది.

మా వృత్తిలోవాళ్ళ పొరపాటు కూడా ఉంది, దాచను. మ్యాచింగ్ అనగానే రెండు వైపులా ఓమ్‌లు సమానంగా ఉండాలని ఇప్పటికీ కొందరు చెబుతున్నారు. అది వాల్వుల (ట్రాన్సిస్టర్ల కన్నా ముందు వాడిన గాజు బుడ్ల) కాలం నాటి మాట. నాకు పని నేర్పిన గురువుగారి దగ్గర వాల్వు సెట్లకి స్పీకర్‌కీ వాల్వుకీ మధ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, 4కి 4, 8కి 8 చూసి బిగించాలి. పాడుతుండగా స్పీకర్ తీగ ఊడితే ఆ ట్రాన్స్‌ఫార్మరే పోయే ప్రమాదం ఉండేది. ట్రాన్సిస్టర్ సెట్టుకి ఆ భయం లేదు, తీగ ఊడినా ఏమీ కాదు. దానికి ప్రాణగండం ఓమ్‌లు తగ్గితేనే. గుళ్ళో మైక్ సెట్టు వెనక 4, 8, 16 ఓమ్‌లు, 100 వోల్టులు అని విడివిడిగా స్క్రూలుంటాయి. మైకు కుర్రాడు హారన్ చూసి బిగిస్తాడు. ఆ పాటి సాయం ఇంట్లో వినేవాళ్ళకి లేకపోయింది.

సీడీ ప్లేయర్, టీవీ, ఫోను నుంచి ఆంప్లిఫయర్‌లోకి వచ్చే తీగ సంగతి వేరు. అక్కడ సమానం కానే కాకూడదు. ఇచ్చేవైపు కొన్ని వందల ఓమ్‌లు ఉంటే తీసుకునేవైపు 10,000 పైనే ఉండాలి. కూర రుచి చూడటానికి అరచేతిలో చుక్క వేసుకుంటాం గానీ గిన్నెడు తోడుకోం కదా. తీసుకునే సెట్టు కూడా అలా చుక్కే తీసుకోవాలి. ఇప్పుడు పిల్లలు మళ్ళీ గ్రామఫోను రికార్డులు కొంటున్నారు, చూస్తే ముచ్చటేస్తోంది. కానీ ప్లేయర్ తీగని నేరుగా ఆక్స్‌లో, అంటే ఫోను, టీవీల కోసం ఉండే రంధ్రంలో గుచ్చి, బేస్ రావడం లేదని, సౌండే లేదని నా దగ్గరికి వస్తారు. మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది బిగించి ఉండే ముక్క) ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. దానికి 47,000 ఓమ్‌ల ఫోనో ఇన్‌పుట్, అంటే రికార్డు ప్లేయర్ కోసమే ఉండే రంధ్రం కావాలి. అక్కడే రికార్డులో తగ్గించి కోసిన బేస్‌ని మళ్ళీ పెంచుతారు. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌దైతే వేరే లెక్క, దానికి పది లక్షల ఓమ్‌లు కావాలి, తక్కువైతే దాని బేస్ కూడా పోతుంది. ప్లేయర్ పాడైందనుకుని అమ్మేసిన వాళ్ళున్నారు. ఒక కుర్రాడు సూది పోయిందని మూడు సూదులు మార్చాడు.

ప్రభుత్వాన్ని అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు కొనేవాడికి ఇచ్చింది. ఆ హక్కు ఇక్కడ అమలు కావాలంటే స్పీకర్ డబ్బా మీద ఎంఆర్‌పీ ఎంత పెద్దగా ఉందో ఓమ్‌లు కూడా అంత పెద్దగా ఉండాలి. ఆంప్లిఫయర్ మీద కనీసం ఎన్ని ఓమ్‌లు కట్టవచ్చో ఉండాలి, ఎన్ని ఓమ్‌ల మీద ఎన్ని ఆర్ఎంఎస్ వాట్లో, అంటే ఆగకుండా ఇవ్వగల నిజమైన వాట్లెన్నో ఉండాలి. పీఎంపీవో అన్న మాట డబ్బాల మీద కనపడకుండా చెయ్యాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పూనుకుంటే అయ్యే పని ఇది. ఈలోగా షాపులవాళ్ళు బిల్లు మీద ఆ అంకె రాసిస్తే వాళ్ళ సొమ్మేం పోదు.

మీ పత్రిక నుంచి కూడా ఒకటి కోరుతున్నాను. మీ టెక్నాలజీ పేజీలో కొత్త స్పీకర్ల గురించి రాసేటప్పుడు ధర, బ్లూటూత్, రంగులు అన్నీ ఇస్తున్నారు. తీగలతో కలిపే స్పీకరైతే ఆ పక్కనే ఓమ్‌లు ఎన్నో కూడా వెయ్యండి. పాఠకులు కూడా ఇంట్లో రెండో జత స్పీకర్లు తగిలించే ముందు పాతవి, కొత్తవి తిప్పి వెనక అంకె చూడండి. అంకె చెరిగిపోయి ఉంటే దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. మీటర్ పెట్టి చూడటానికి అర నిమిషం చాలు, దానికి నేనెప్పుడూ డబ్బులు తీసుకోలేదు.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్,
తెనాలి