ముందు తప్పులు రాయించి, తర్వాత ప్రేమ గురించి అడుగుతారా?

సంపాదకుడి గారికి,

గత ఆదివారం అనుబంధంలో వేసిన ఆ స్వీయ పరీక్ష గురించే ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేలా లేదు.

మొదటి సగంలో అమ్మానాన్నల మీద మనకున్న ఫిర్యాదులన్నీ రాయమన్నారు. ఈమధ్య ఎక్కడ చిన్నబుచ్చారు, ఎవరి వైపు మొగ్గారు, ఏ మాట గుచ్చుకుంది... రాసుకోవడానికి గీతలు కూడా గీసిచ్చారు, ఎంత శ్రద్ధో! అదయ్యాక, 'పదేళ్ల వయసులో మీ అమ్మంటే మీకెంత ఇష్టం?' అని మార్కులు వేసుకోమన్నారు. తక్కువొస్తే బాల్యం గాయపడినట్టట.

అచ్చం ఇదే పని పరిశోధకులు ప్రయోగంగా చేసి చూశారు. 2020లో లారెన్స్ పాటిహిస్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో కొందరి చేత తల్లిలోని మంచి గుణాలు, ఇంకొందరి చేత లోపాలు రాయించారు. ఆ తర్వాత చిన్నప్పుడు ఆమె మీద ఎంత ప్రేమ ఉండేదని అడిగారు. మంచి రాసినవాళ్లతో పోలిస్తే లోపాలు రాసినవాళ్లకు చిన్నప్పటి ప్రేమ కూడా తక్కువగానే గుర్తొచ్చింది. జ్ఞాపకం ఎంత తేలిగ్గా వంగుతుందో చూడ్డానికి వాళ్లు వాడిన పద్ధతితో మీరు ఏకంగా రోగనిర్ధారణే చేసేస్తున్నారు!

డేనియల్ ఆఫర్ అనే మనోవైద్యుడి బృందం 1962లో పద్నాలుగేళ్ల కుర్రాళ్లు చెప్పిన జవాబులు దాచిపెట్టి, వాళ్లకు 48 ఏళ్లొచ్చాక మళ్లీ అడిగింది. ఇంటి సంగతులూ, అమ్మానాన్నల పెంపకమూ అప్పుడెలా అనిపించాయో చెప్పడంలో వాళ్ల జ్ఞాపకం చీకట్లో వేసిన రాయి కంటే మెరుగ్గా లేదని 2000లో తేల్చారు.

ఇవేవీ చదవక్కర్లేదు, ఆస్తి పంపకాలు జరిగిన ఏ ఇంటికైనా వెళ్లండి. లెక్క తప్పితే నాన్న చెవి మెలేసి, ఆ రాత్రే పక్కన కూర్చుని మళ్లీ చేయించిన సంగతి నాకు తెలిసిన ఒకాయన ఏళ్ల తరబడి నవ్వుతూ చెప్పేవాడు. తమ్ముడికి వాటా ఎక్కువ రాశారని తెలిశాక చెవి మెలేయడం ఒక్కటే మిగిలింది, పక్కన కూర్చోవడం ఎగిరిపోయింది. 'చిన్నప్పట్నుంచీ ఆయనంటే నాకు వణుకే' అంటున్నాడిప్పుడు. పాపం, అబద్ధమాడడం లేదు. ఆయనకు అలాగే గుర్తుంది.

పిల్లల్ని నిజంగా హింసించే ఇళ్లు లేవని కాదు నేననేది. బాల్యంలో హింసకు గురైనట్టు అప్పట్లోనే నమోదైనవాళ్లలో 52 శాతం మంది పెద్దయ్యాక ఆ మాటే చెప్పలేదని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అలాంటివాళ్లకు మీ పరీక్షలో మార్కులు దండిగానే పడొచ్చు. వాళ్ల గతేమిటి మరి?

అయినా ఎవర్నని ఏం లాభం? నాలుగు వారాంతాల కోర్సుతో కౌన్సెలర్ బోర్డు తగిలించేస్తున్నారు, అడిగే అధికారి కనబడడు. ఒకప్పుడు ఇలాంటివి సబ్‌ఎడిటర్ బల్ల దాటేవి కావు. ఇప్పుడు రంగుల్లో రెండు పేజీలు! పాఠకుల ఉత్తరాలకేమో ప్రకటనల పక్కన బెత్తెడు చోటు, అందులోనూ కత్తిరింపులు. దీన్నీ కత్తిరిస్తారని తెలుసు, పై అంకెలు మాత్రం వదిలేయండి.

రెండో భాగం వచ్చే ఆదివారమని వేశారు. కనీసం ప్రశ్నల వరుసైనా తిప్పండి: బాల్యం గురించి ముందు, ఫిర్యాదులు తర్వాత. ఫిర్యాదుల పేజీ అసలే వేయకపోయినా పాఠకులెవరూ అలగరు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు